ఎముక చిక్కబడితే బలపడినట్టేనా? అనంతపురం బోరు నీళ్ళు, ఎముక మ్యాట్రిక్స్ పరిశోధన

క్లుప్తంగా: ఎముక బలం కాల్షియం ఒక్కదాని వల్లే రాదు. ఆ కాల్షియాన్ని పట్టి ఉంచే కొల్లాజెన్ అల్లిక కూడా సరిగ్గా కుదరాలి. కణాల బయట ఉండే ఈ మొత్తం కట్టడాన్నే శాస్త్రవేత్తలు ఎక్స్‌ట్రాసెల్యులర్ మ్యాట్రిక్స్ అంటారు. ఫ్లోరైడ్ ఎక్కువున్న నీళ్ళు ఏళ్ళ తరబడి తాగితే ఎముకలో ఖనిజం పెరుగుతుంది, అల్లిక కుదురు తప్పుతుంది. ఎక్స్‌రేలో తెల్లగా, చిక్కగా కనబడే ఎముక కూడా సులువుగా విరగడానికి కారణం ఇదే.

అనంతపురం జిల్లాలో నడుము పట్టేసి, మెడ తిప్పలేక ఆసుపత్రికి వచ్చిన యాభై ఏళ్ళ రైతుకు డెక్సా స్కాన్ తీస్తే, ఎముక సాంద్రత మామూలు కంటే ఎక్కువని రావచ్చు. ఆ రిపోర్టు చూసి ఇంట్లోవాళ్ళు ఊపిరి పీల్చుకుంటారు. ఎముకలు గట్టిగానే ఉన్నాయి కదా అనుకుంటారు. అలాంటప్పుడు ఆ నొప్పి ఎక్కడి నుంచి వస్తోంది? గట్టు మీద కాలు జారినంత మాత్రాన ఎముక ఎందుకు విరుగుతోంది? స్కాన్ కొలిచేది ఖనిజాన్ని. ఈ ప్రశ్నలకు జవాబు మాత్రం అది కొలవలేని భాగంలో ఉంది. ఎముక మ్యాట్రిక్స్ మీద పనిచేసే విశ్వవిద్యాలయ శాస్త్రవేత్తల పనంతా ఆ భాగం గురించే.

ఎముకలో కణాలు తక్కువ, కట్టడం ఎక్కువ

కాలేయం, మెదడు వంటి అవయవాలు కణాలతో కిక్కిరిసి ఉంటాయి. ఎముక, మృదులాస్థి, కండరాన్ని ఎముకకు కట్టి ఉంచే టెండాన్ అలా ఉండవు. వాటిలో కణాలు అక్కడక్కడా ఉంటాయి. చోటంతా ఆ కణాలు తయారుచేసి బయటకు వదిలిన పదార్థానిదే. పెద్దవాళ్ళ ఎముక బరువులో సుమారు 65 శాతం ఖనిజం, 25 శాతం దాకా సేంద్రియ పదార్థం, మిగతాది నీరు. ఆ సేంద్రియ భాగంలో దాదాపు 90 శాతం ఒకటో రకం కొల్లాజెన్ అనే ప్రొటీన్. మిగిలిన 10 శాతంలో ఆస్టియోకాల్సిన్, ఆస్టియోపాంటిన్, డెకోరిన్ వంటి చిన్న ప్రొటీన్లు చాలా ఉన్నాయి. పాళ్ళు చిన్నవే అయినా ఖనిజం ఎక్కడ పేరుకోవాలి, ఎంత పరిమాణానికి ఆగాలి అన్నవి చాలావరకు వాటి చేతిలోనే ఉంటాయి.

కొల్లాజెన్ అణువు మూడు పోగులు పేనిన తాడులా ఉంటుంది. పొడవు 300 నానోమీటర్లు, మందం ఒకటిన్నర. ఒక్కో పోగులో సుమారు వెయ్యి అమైనో ఆమ్లాలు ఉంటాయి. ప్రతి మూడోది గ్లైసీన్. అమైనో ఆమ్లాలన్నింటిలో చిన్నది గ్లైసీన్ ఒక్కటే కాబట్టి పేనిన తాడు లోపలి ఇరుకులో అదే పడుతుంది. ఆ చోట ఇంకొకటి వచ్చి కూర్చుంటే మెలిక చెదురుతుంది. పుట్టుకతోనే ఎముకలు పెళుసుగా ఉండే ఆస్టియోజెనిసిస్ ఇంపర్ఫెక్టా జబ్బులో తీవ్రమైన రూపాలు చాలావరకు ఇలా ఒక గ్లైసీన్ తారుమారైనందువల్లే వస్తాయి. ఈ మూడు పోగుల రూపాన్ని 1954లో ప్రతిపాదించినవారు మద్రాసు విశ్వవిద్యాలయంలో పనిచేసిన జి.ఎన్. రామచంద్రన్, గోపీనాథ్ కర్తా. ఎముక గురించి ప్రపంచం నేర్చుకున్న పెద్ద పాఠాల్లో ఒకటి దక్షిణాది నుంచే వెళ్ళింది.

పేనినంత మాత్రాన తాడు నిలవదు, ముడి పడాలి. పోగులు విడిపోకుండా ఉండాలంటే వాటిలోని ప్రోలీన్ అనే అమైనో ఆమ్లం మీద హైడ్రాక్సిల్, అంటే ఆక్సిజన్, హైడ్రోజన్ జంట చేరాలి. దానికి విటమిన్ సి కావాలి. ఒక అణువుకూ పక్క అణువుకూ మధ్య అడ్డుముళ్ళు పడాలంటే లైసిల్ ఆక్సిడేజ్ అనే ఎంజైమ్ పనిచేయాలి. అది పనిచేయాలంటే రాగి కావాలి, రాగి లోహం అన్నమాట. ముళ్ళు పడ్డ తాళ్ళు వరుసగా పేర్చుకున్నాక వాటి మధ్య ఖాళీల్లో హైడ్రాక్సీఅపటైట్ స్ఫటికాలు పుడతాయి. ఇది కాల్షియం, ఫాస్ఫేట్‌లతో ఏర్పడిన ఖనిజం. స్ఫటికం చిన్నదిగా, పలకలా, కొల్లాజెన్ పోగు వెంబడే ఉండటం మంచి ఎముక లక్షణం.

ఈ రెండింటి పాత్రలు విడివిడిగా చూడటానికి ప్రయోగశాల అక్కర్లేదు. కండ శుభ్రంగా తీసేసిన కోడి కాలి ఎముకను గాజు గ్లాసులో వేసి మునిగేదాకా వెనిగర్ పోయాలి. రోజుకోసారి వెనిగర్ మార్చాలి. మార్చకపోతే కరిగిన కాల్షియంతో దాని పులుపు తగ్గిపోయి పని ఆగిపోతుంది. నాలుగైదు రోజులకు ఎముక రూపం మారకుండానే రబ్బరులా వంగుతుంది. మిగిలింది కొల్లాజెన్. ఇంకో ఎముకను నిప్పుల్లో తెల్లగా అయ్యేదాకా కాల్చి చల్లార్చితే దాని రూపం కూడా అలాగే ఉంటుంది. వేళ్ళ మధ్య నొక్కితే పొడవుతుంది. మిగిలింది ఖనిజం. కడప బండ కూడా ఇంతే. నేల మీద పరిస్తే ఎంత బరువైనా మోస్తుంది. రెండు గోడల మధ్య అరగా వేసి, పైనుంచి రుబ్బురోలు పొత్రం పడేస్తే ముందు సూచనేమీ లేకుండా రెండు ముక్కలవుతుంది. దానిలో నొక్కుడును ఓర్చే గుణం ఉంది, సాగుడును ఓర్చేది లేదు. ఎముకలో సాగుడును ఓర్చే పని కొల్లాజెన్‌ది.

ఫ్లోరైడ్ ఎందుకు ఇక్కడే ఎక్కువ

అనంతపురం, శ్రీ సత్యసాయి జిల్లాల కింద ఎక్కువగా గ్రానైట్, నైస్ రాళ్ళున్నాయి. వాటిలోని బయోటైట్, హార్న్‌బ్లెండ్, అపటైట్ వంటి ఖనిజాల్లో ఫ్లోరైడ్ ఉంటుంది. ఏడాదికి సుమారు 550 మిల్లీమీటర్ల వానే పడే నేల ఇది. నీరు రాతి పగుళ్ళలో ఏళ్ళ తరబడి నిలిచి, ఆ ఖనిజాన్ని కొంచెం కొంచెంగా కరిగించుకుంటుంది. నీళ్ళలో కాల్షియం ఎక్కువుంటే ఫ్లోరైడ్ దానితో కలిసి గట్టిపడి దిగిపోతుంది. చౌడు గుణమున్న నీళ్ళలో సోడియం, బైకార్బొనేట్ ఎక్కువ, కాల్షియం తక్కువ. అందువల్ల ఫ్లోరైడ్ కరిగే ఉండిపోతుంది. కడప, కర్నూలు వైపు సున్నపురాయి పొరలున్న చోట్ల ఈ లెక్క కొంత మేలు. అయినా ఒకే ఊళ్ళో రెండు బోర్ల మధ్య కూడా తేడా ఉంటుంది కాబట్టి రాయిని చూసి నీటి గుణం చెప్పలేం. కొలవాల్సిందే.

ఫ్లోరైడ్ వల్ల వచ్చే ఈ జబ్బును ఫ్లోరోసిస్ అంటారు. మన దేశంలో ఇది మనుషుల్లో మొదట నమోదైంది 1937లో, అప్పటి నెల్లూరు జిల్లాలో. తాగునీటికి భారత ప్రమాణం లీటరుకు 1 మిల్లీగ్రాము. వేరే నీరు దొరకనప్పుడు 1.5 దాకా అనుమతి ఉంది. ఇక్కడొక లెక్క వేయాలి. ప్రపంచ ఆరోగ్య సంస్థ అంచనా ప్రకారం నీరు, తిండి, టీ అన్నీ కలిపి రోజుకు 14 మిల్లీగ్రాముల ఫ్లోరైడ్ లోపలికి పోతే ఎముకకు హాని ఖాయం. 6 మిల్లీగ్రాముల నుంచే హాని సూచనలున్నాయి. మే నెలలో వేరుశనగ చేనులో పనిచేసే కూలీ నాలుగు లీటర్ల నీళ్ళు తాగడం మామూలు. 1.5 ఉన్న నీళ్ళతోనే 6 మిల్లీగ్రాములు పూర్తవుతాయి. 3 ఉన్న నీళ్ళయితే 12. చల్లని దేశంలో రోజుకు లీటరున్నర తాగేవాడి లెక్క ఈ కూలీకి వర్తించదు. ఎండ ప్రాంతాలకు పరిమితి ఇంకా తక్కువుండాలన్న వాదనకు ఆధారం ఇదే, అది న్యాయమైన వాదన.

ఒంటబట్టిన ఫ్లోరైడ్‌లో పెద్దవాళ్ళకైతే దాదాపు సగం ఎముకలో చేరుతుంది, మిగతాది మూత్రంలో పోతుంది. ఎదిగే పిల్లల్లో ఎముకకు చేరే వాటా ఇంకా ఎక్కువ. మూత్రపిండాలు దెబ్బతిన్నవారిలోనూ అంతే.

స్ఫటికంలో ఒకటి, కణంలో ఒకటి

ఎముకలో ఫ్లోరైడ్ రెండు పనులు చేస్తుంది. మొదటిది రసాయన శాస్త్రం. హైడ్రాక్సీఅపటైట్‌లో హైడ్రాక్సిల్ ఉండాల్సిన చోట ఫ్లోరైడ్ కూర్చుంటుంది. స్ఫటికం కుదురుగా, పెద్దదిగా తయారవుతుంది, ఆమ్లంలో కరగడం తగ్గుతుంది. పంటికి కొద్ది మోతాదులో ఇది మేలు చేసే గుణం. ఎముక సంగతి వేరు. ఎముక నిత్యం కూలి, మళ్ళీ కట్టబడే కట్టడం. ఆస్టియోక్లాస్ట్ అనే కణం ఆమ్లం వదిలి ఖనిజాన్ని కరిగిస్తుంది, కాథెప్సిన్ కె అనే ఎంజైమ్‌తో కొల్లాజెన్‌ను కోస్తుంది. ఒక గుంట తవ్వడానికి రెండు మూడు వారాలు, దాన్ని పూడ్చడానికి మూడు నాలుగు నెలలు. పెద్దవాళ్ళ అస్థిపంజరంలో ఏడాదికి సుమారు పదో వంతు ఇలా కొత్తదవుతుంది. కరగనంటున్న స్ఫటికం ఈ పాతకొత్తల మార్పిడికి అడ్డం.

రెండో పని జీవశాస్త్రం. ఎముక కట్టే ఆస్టియోబ్లాస్ట్ కణాలను ఫ్లోరైడ్ రెచ్చగొడుతుంది. అవి తొందరపడి మ్యాట్రిక్స్ పోస్తాయి. ఆ తొందరలో కొల్లాజెన్ వరుసగా పేర్చుకోదు, అడ్డదిడ్డంగా పడుతుంది. పోసిన మ్యాట్రిక్స్‌కు ఖనిజం పట్టడం ఆలస్యమవుతుంది. ఒకే ఎముకలో ఒక చోట అతి చిక్కదనం, ఇంకో చోట ఖనిజం పట్టని మెత్తదనం పక్కపక్కనే ఉంటాయి. ఎముకకు సంబంధం లేని చోట్ల, అంటే వెన్నుపూసల మధ్య లిగమెంట్లలో, ముంజేతి రెండు ఎముకల మధ్య పొరలో కూడా సున్నం పేరుకుంటుంది. వెన్ను వంగకపోవడం, నరాలు నలగడం అందువల్లే. తిండిలో కాల్షియం తక్కువైతే ఇదంతా మరింత తీవ్రమవుతుంది.

చిక్కదనం పెరిగినా విరుగుళ్ళు తగ్గలేదు

దీనికి అన్నిటికంటే గట్టి రుజువు మందు రూపంలో వచ్చింది. ఫ్లోరైడ్ ఎముక సాంద్రత పెంచుతుంది కాబట్టి, ఎముకలు గుల్లబారిన వృద్ధ మహిళలకు దాన్నే మందుగా ఇస్తే బాగుంటుందని ఒకప్పుడు వైద్యులు ఆశించారు. అమెరికాలో మాయో క్లినిక్ వైద్యులు 202 మంది మహిళల మీద నాలుగేళ్ళు పరీక్షించి, ఫలితాలు 1990లో ప్రచురించారు. ఒక వర్గానికి రోజుకు 75 మిల్లీగ్రాముల సోడియం ఫ్లోరైడ్, ఇంకో వర్గానికి ఉత్తుత్తి మాత్ర. రెండు వర్గాలకూ కాల్షియం ఇచ్చారు. ఫ్లోరైడ్ తీసుకున్నవారి నడుము వెన్నుపూసల సాంద్రత 35 శాతం పెరిగింది. అయినా వెన్నుపూసల విరుగుళ్ళు చెప్పుకోదగ్గంత తగ్గలేదు. చేతులు, కాళ్ళు, తుంటి వంటి చోట్ల విరుగుళ్ళు దాదాపు మూడు రెట్లయ్యాయి.

సాంద్రతకూ బలానికీ సంబంధం ఉంది. మ్యాట్రిక్స్ సక్రమంగా ఉన్నంతవరకే ఆ సంబంధం నిలుస్తుంది. అమెరికాలో మాత్రతో నాలుగేళ్ళలో చూసినదాన్ని ఇక్కడ బోరు నీళ్ళు ఇరవై ముప్ఫై ఏళ్ళుగా చేస్తున్నాయి.

ప్రయోగశాలలో పని ఎలా సాగుతుంది, ఎక్కడ చెడుతుంది

మ్యాట్రిక్స్ పరిశోధన అనగానే ఖరీదైన యంత్రాలు గుర్తొస్తాయి. ఫలితం నిలిచేదీ పోయేదీ అంతకు ముందు, నమూనా సీసాలో పడ్డ తొలి గంటల్లోనే.

ఆసుపత్రిలో ఎముక ముక్కను మామూలుగా ఫార్మలిన్‌లో వేసి, ఆమ్లంలో ఖనిజం కరిగించి, మైనంలో పోసి కోస్తారు. క్యాన్సర్ ఉందా లేదా చూడటానికి అది చాలు. ఫ్లోరోసిస్ ప్రశ్నకు మాత్రం ఆ దారి పనికిరాదు. ఖనిజం మొత్తం కరిగించేశాక, ఏ పొరకు ఖనిజం పట్టింది, ఏ పొరకు పట్టలేదు అన్న తేడాయే మాయమవుతుంది. అడగాల్సిన ప్రశ్న సీసాలోనే కరిగిపోతుంది. కాబట్టి నమూనాను రెండుగా పంచాలి. ఒక సగం ఖనిజంతో సహా నిలవాలి.

ఆ సగాన్ని 70 శాతం ఆల్కహాల్‌లో ఉంచి, నీరంతా లాగేసి, మిథైల్ మెథాక్రిలేట్ రెజిన్‌లో పోస్తారు. రెజిన్ గట్టిపడేటప్పుడు వేడి పుడుతుంది. 42 డిగ్రీల కర్నూలు మధ్యాహ్నం ఆ పని బల్ల మీద పెట్టేస్తే అది తొందరగా గట్టిపడి బుడగలు వస్తాయి, ముక్క చుట్టూ పగుళ్ళు పడతాయి. చల్లని నీటి తొట్టిలో నెమ్మదిగా గట్టిపడనివ్వాలి. తర్వాత టంగ్‌స్టన్ కార్బైడ్ కత్తితో సుమారు 5 మైక్రాన్ల (మిల్లీమీటరులో వెయ్యో వంతు ఒక మైక్రాన్) పలచని పొరలు కోస్తారు. గోల్డ్‌నర్ రంగు వేస్తే ఖనిజం పట్టిన ఎముక ఆకుపచ్చగా, పట్టనిది నారింజ ఎరుపుగా కనబడుతుంది. మామూలు ఎముకలో ఈ ఎర్ర అంచు 12 మైక్రాన్లు దాటదు. ఫ్లోరోసిస్‌లో అది వెడల్పవుతుంది. ముక్క తీసేముందు రోగికి రెండు మూడు రోజులు టెట్రాసైక్లిన్ ఇచ్చి, పది పన్నెండు రోజులు ఆపి, మళ్ళీ ఇస్తే ఇంకో సంగతి తెలుస్తుంది. ఆ మందు అప్పుడే ఖనిజం పడుతున్న అంచుకు అంటుకుంటుంది. అతినీలలోహిత కాంతిలో రెండు పసుపు గీతలు వెలుగుతాయి. గీతల మధ్య దూరాన్ని రోజులతో భాగిస్తే ఖనిజం రోజుకెంత పడుతోందో వస్తుంది. ఆరోగ్యవంతుల్లో ఇది మైక్రాన్‌కు లోపే. గీతలు విడివిడిగా లేక అలికినట్టుంటే ఖనిజం పట్టే పని కుంటుపడిందని అర్థం.

రెండో సగాన్ని 3 నుంచి 5 మిల్లీమీటర్ల మందానికి మించకుండా కోసి, తటస్థ ఫార్మలిన్‌లో ఒకటి రెండు రోజులు ఉంచి, కాల్షియాన్ని పట్టి లాగేసే ఈడీటీఏ ద్రావణంలో వేయాలి. ఈడీటీఏ పొడి నీళ్ళలో ఊరికే కరగదు. సోడియం హైడ్రాక్సైడ్ కొద్దికొద్దిగా కలుపుతూ తిప్పాలి. చివరికి పీహెచ్ 7.2 నుంచి 7.4 మధ్య నిలపాలి. రెండు మూడు రోజులకోసారి మార్చాలి. పని పూర్తవడానికి వారాలు పడుతుంది. తొందరపడి నైట్రిక్ ఆమ్లం వాడితే రెండు రోజుల్లో ఖనిజం పోతుంది గానీ కణకేంద్రకాలకు రంగు పట్టదు. ఫ్లోరైడ్ చేరిన స్ఫటికం కరగడానికి మొండికేస్తుంది కాబట్టి మామూలు ఎముకకు వేసుకున్న రోజుల లెక్క ఇక్కడ నమ్మకూడదు. ఖనిజం పోయిందా లేదా అన్నది ఎక్స్‌రే తీసి చూడటం మంచిది. సూదితో గుచ్చి చూసే అలవాటు కొల్లాజెన్ వరుసను పాడుచేస్తుంది. ఖనిజం పోయాక పిక్రోసిరియస్ రెడ్ రంగు వేసి ధ్రువీకృత కాంతిలో చూస్తే వరుసగా ఉన్న కొల్లాజెన్ బారులు బారులుగా మెరుస్తుంది. అడ్డదిడ్డంగా పడ్డది చాప చిరిగినట్టు కనబడుతుంది.

కొల్లాజెన్ ఎంతుందో తేల్చడానికి, అందులో ప్రోలీన్ మీద హైడ్రాక్సిల్ చేరి ఏర్పడిన హైడ్రాక్సీప్రోలీన్ కొలుస్తారు. ఎముక పొడిని 6 మోలార్ హైడ్రోక్లోరిక్ ఆమ్లంలో 110 డిగ్రీల దగ్గర రాత్రంతా ఉడికించి, క్లోరమీన్ టి, ఆ తర్వాత ఎర్లిక్ ద్రావణం కలిపి రంగు చదువుతారు. వచ్చిన అంకెను సుమారు ఏడున్నరతో గుణిస్తే కొల్లాజెన్ బరువు. ఇందులో చెడే చోట్లు రెండు. గొట్టం మూత వదులైతే ఆవిరి పోయి లెక్క తప్పుతుంది. ఆమ్లాన్ని పూర్తిగా తటస్థం చేయకపోతే రంగు సరిగా రాక, ఉన్న కొల్లాజెన్ లేనట్టు కనబడుతుంది.

బలం పరీక్షలో ఎముకను రెండు ఆధారాల మీద పెట్టి నడిమధ్య నొక్కుతారు. ఎముక తడిగా ఉండాలి. సెలైన్‌లో తడిపిన గాజుగుడ్డ చుట్టి మైనస్ 20లో దాచి, కరిగాక పరీక్ష అయ్యేదాకా తడుపుతూనే ఉండాలి. ఆరిన ఎముక బిగుసుకుపోయి పెళుసవుతుంది. ఎండాకాలంలో ఫ్యాన్ కింద పావుగంట మరచిపోయిన మామూలు ఎముక కూడా జబ్బు ఎముకలా విరుగుతుంది. ఆ అంకె చూసి తప్పు ఫ్లోరైడ్ మీద మోపడం చాలా సులువు.

ఈ ప్రాంతపు ప్రయోగశాలకు ఇంకొక చిక్కుంది. గాజు సామాను కడిగే నీళ్ళే కొలవబోయే వస్తువుతో నిండి ఉంటాయి. కుళాయి నీటి కాల్షియం ఈడీటీఏను ముందే తినేస్తుంది, ఫ్లోరైడ్ అయితే ఎముక వేయని ఖాళీ నమూనాలోనే అంకె చూపిస్తుంది. చివరి రెండు కడుగుళ్ళు స్వేదన జలంతో చేయక తప్పదు.

జొన్న, రాగి లోహం, వంకర కాళ్ళు

హైదరాబాద్‌లోని జాతీయ పోషకాహార సంస్థ శాస్త్రవేత్తలు 1973లో ఫ్లోరోసిస్ ప్రాంతపు యువకుల్లో మోకాళ్ళు లోపలికి వంగిపోవడం, ఎముకలు గుల్లబారడం నమోదు చేశారు. జొన్నే ప్రధాన తిండి అయిన చోట ఇది ఎక్కువ కనబడింది. జొన్నలోని మాలిబ్డినం శరీరంలోని రాగిని మూత్రంలోకి తోసేస్తుందేమోనని వారు అనుమానించారు. రాగి తగ్గితే లైసిల్ ఆక్సిడేజ్ కుంటుపడుతుంది, కొల్లాజెన్‌కు ముళ్ళు పడవు. నీటిలో ఒకటి, తిండిలో ఒకటి కలిసి మ్యాట్రిక్స్‌ను రెండు వైపుల నుంచి వదులు చేసే వీలుందన్న ఈ ఆలోచన రాయలసీమకూ పనికొస్తుంది. జొన్న రొట్టె, రాగి సంగటి రెండూ తినే ప్రాంతమిది. రాగుల పిండి వంద గ్రాముల్లో 340 మిల్లీగ్రాములకు పైగా కాల్షియం ఉంది. పెద్దవాళ్ళ రోజువారీ అవసరం 1000 మిల్లీగ్రాములు. సంగటిని వదిలి పాలిష్ బియ్యానికి మారిన ఇళ్ళలో ఆ మేరకు రక్షణ తగ్గింది.

మ్యాట్రిక్స్ మందుగా

ఇదే శాస్త్రం చికిత్సగానూ మారింది. ఆమ్లంలో ఖనిజం తీసేసిన ఎముక మ్యాట్రిక్స్‌ను కండరంలో పెడితే అక్కడ కొత్త ఎముక పుడుతుందని 1965లో అమెరికా ఎముకల వైద్యుడు మార్షల్ యూరిస్ట్ చూపించారు. అందులో దాగిన బీఎంపీ అనే ప్రొటీన్లు దానికి కారణమని తర్వాత తేలింది. ఎముక అతకని చోట, పంటి గుంట పూడ్చే చోట ఆ పొడిని ఇప్పుడు వాడుతున్నారు.

నీళ్ళ దగ్గర

విరిగిన ఎముకను అతికించవచ్చు, అడ్డదిడ్డంగా పడ్డ మ్యాట్రిక్స్‌ను సరిచేసే మందు మాత్రం లేదు. అందుకే నీటి పరీక్షకు అంత విలువ. ఫ్లోరైడ్ ఎలక్ట్రోడ్‌తో కొలిచేటప్పుడు లోహాల పట్టు నుంచి ఫ్లోరైడ్‌ను విడిపించే టిసాబ్ ద్రావణాన్ని నమూనాకు సమానంగా కలపాలి, ప్లాస్టిక్ కప్పు వాడాలి. ప్రమాణ ద్రావణాలు, నమూనా ఒకే వేడిమిలో ఉండాలి. పటిక వేసిన నీళ్ళలో టిసాబ్ మరిస్తే అల్యూమినియం పట్టుకున్న ఫ్లోరైడ్ లెక్కలోకి రాదు, చెడ్డ నీరు మంచిదిగా కనబడుతుంది. మరగబెడితే ఫ్లోరైడ్ పోదు. నీరు ఆవిరై ఇంకా చిక్కబడుతుంది. అనంతపురంలో 1995లో మొదలైన సత్యసాయి తాగునీటి పథకం వందల ఊళ్ళకు బోరుకు బదులు పైపు నీరు తెచ్చింది. పైపు నీరు రాని రోజున మళ్ళీ బోరు తిప్పే ఇళ్ళలో మాత్రం లెక్క మొదటికొస్తుంది.

నీరు మారాక కూడా ఎముకలో చేరిన ఫ్లోరైడ్ వెంటనే పోదు. పాత ఎముక కూలిన కొద్దీ కొంచెం కొంచెంగా రక్తంలోకి వచ్చి, మూత్రంలో పోతుంది. దానికి ఏళ్ళు పడుతుంది. మామూలు ఎముక బూడిదలో కిలోకు 500 నుంచి 1000 మిల్లీగ్రాముల ఫ్లోరైడ్ ఉంటే, నొప్పులు మొదలైనవారిలో అది 6000 నుంచి 7000 దాకా ఉంటుంది. యాభై ఏళ్ళ రైతుకు మంచి నీరు ఇస్తే జబ్బు ముదరకుండా ఆగుతుంది. ఆ ఇంట్లో ఇప్పుడు నడక నేర్చుకుంటున్న పిల్లకు అదే నీరు ఇస్తే, ఆమె ఎముకలో కొల్లాజెన్ మొదటినుంచీ వరుసగా పడుతుంది.